ఏడో గడి

లాప్‌టాప్ తెర మీద బ్యాటరీ ఎనభై శాతం అని కనబడితే మీరు ఎనభై అనుకుంటారు. నేను అనుకోను. ఆ ఎనభై ఎవరు చెప్పారు, వాళ్ళకు ఎవరు చెప్పారు, మొదట కళ్ళారా చూసింది ఎవరు అని అడుగుతాను. తిరువూరులో పాత లాప్‌టాప్‌లు బాగుచేసే షెడ్డులో ఇన్నేళ్ళు కూర్చుని నేను నేర్చుకున్న చదువు ఇంతే. చూపు ఆనక ఈ మధ్యే మానేశాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇద్దరు ముగ్గురు అడిగారు కాబట్టి చెబుతున్నాను, మా చెల్లెలి కోడలు రాస్తోంది. నాకు సంతకం వచ్చు. అంకెలు వచ్చు. తెలుగు కూడబలుక్కుని చదువుతాను. ఇంగ్లీషు రాదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే జరిగిందంతా దానివల్లే జరిగింది.

పని చేతికి వచ్చిన తీరు

మా ఆయన ఏసుదాసు రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. ఆయనకు చెయ్యి వణికేది. సన్న సోల్డరింగంతా నాతో చేయించేవాడు. ఆయన పోయాక కొట్టు నిలబడలేదు. వెంకటరత్నం గారి షెడ్డులో పనికి చేరాను. వాళ్ళది నూనె మిల్లు కుటుంబం. హైదరాబాదు ఆఫీసులు పక్కన పడేసిన లాప్‌టాప్‌లు లాట్లుగా కొనుక్కొచ్చి, బాగుచేయించి, లైనక్స్ అనే ఉచిత సిస్టం ఎక్కించి, స్కూళ్ళకూ హాస్టళ్ళకూ అమ్మేవారు. ఆయన చెడ్డ మనిషి కాదు. కానీ మెషీన్ గురించి ఏమీ తెలియదు, తెలియదని ఒప్పుకునే అలవాటూ లేదు. ఇలాంటి యజమాని కింద పనిచేస్తే మనకు రెండు కళ్ళు చాలవు.

చేరిన కొత్తలో ఒక టీచరమ్మ లాప్‌టాప్ తెచ్చింది. ఆమె టైపు చేస్తుంటే మాటిమాటికీ తెర ఆరిపోతోంది. షెడ్డులో నేను రోజంతా ఆన్ చేసి ఉంచితే ఒక్కసారి ఆరలేదు. మళ్ళీ తీసుకెళ్ళింది, మళ్ళీ తెచ్చింది. కీబోర్డు మార్చాను, తెర వైరు మార్చాను. మూడోసారి వచ్చినప్పుడు, "అమ్మా, మీరే ఇక్కడ కూర్చుని పనిచేయండి, నేను చూస్తాను" అన్నాను. ఆమె ఎడమ చేతికి ఒక కంకణం ఉంది.

"అదేంటండీ?"

"కీళ్ళ నొప్పులకమ్మా. అయస్కాంతాలుంటాయి లోపల. బాగా పనిచేస్తోంది."

"మీ నొప్పికి పనిచేస్తోందేమో గానీ, దీన్ని మాత్రం నిద్రపుచ్చుతోంది. తీసి పక్కన పెట్టండి."

మూత మూశారని మెషీన్‌కు తెలిసేది మూతలో ఉన్న చిన్న అయస్కాంతం వల్ల. ఆమె మణికట్టు అక్కడికి రాగానే మూత పడిందనుకుని పాపం పడుకునేది. అది అబద్ధం చెప్పలేదు. దానికి తగిలింది అది చెప్పింది. అప్పటినుంచి మెషీన్‌ను ఎంత అనుమానిస్తానో, తెచ్చినవాళ్ళనూ అంతే అనుమానిస్తున్నాను.

చిప్పు, డ్రైవరు, తెర

అలా పడుకోబెట్టేది ఎవరో చెప్పాలి. మదర్‌బోర్డు మీద పెద్ద ప్రాసెసర్ ఒకటుంటుంది, పొగడ్తలన్నీ దానికే. ఓ మూలగా గోరంత చిప్పు ఇంకొకటి ఉంటుంది. దాన్ని ఈసీ అంటాం. మెషీన్ ఆపేసినా అది మేలుకునే ఉంటుంది. ఫ్యాను తిప్పేది, బ్యాటరీలోకి కరెంటు వదిలేది, చాలనుకుంటే ఆపేది, మూత సంగతి చూసేది, బటన్ నొక్కితే లేపేది అదే. ఇంటి పనంతా ఒక్కతే చేసి ఫోటోలో కనబడని కోడలు లాంటిది.

తెర మీద మనం చూసే ప్రోగ్రాం ఆ చిప్పుతో నేరుగా మాట్లాడలేదు. మాట్లాడనివ్వరు. ఎమ్మార్వో ఆఫీసుకు వెళ్ళారనుకోండి. మనం వరండాలో నిలబడతాం. అటెండరు లోపలికి వెళ్ళి బయటికొచ్చి, "సారు సరేనన్నారు" అంటాడు. సారు నిజంగా అన్నాడో, ఇతను తలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చాడో మనకు తెలుస్తుందా? వరండాలో నిలబడింది మన ప్రోగ్రాం. లోపలి గది కెర్నెల్. ఆ తలుపులో తిరిగే అటెండరు డ్రైవరు. డ్రైవరు చిప్పును అడిగి, వచ్చిన జవాబును ఒక ఫైలులాగా గుమ్మం దగ్గర పెడుతుంది. ప్రోగ్రాం ఆ ఫైలు చదివి ఎనభై అంటుంది. కాబట్టి ఆ ఎనభై చిప్పు మాటా, అటెండరు మాటా అన్నది కనుక్కోవడమే మన పని.

కంపెనీలు తమ సిస్టానికి మాత్రమే ఆ అటెండరును ఇస్తాయి. లైనక్స్ ఎక్కించాక మన అటెండరును మనమే తయారుచేసుకోవాలి. చిప్పులో ఏ సంగతి ఎక్కడుందో చెప్పే కాగితం ఎవరూ ఇవ్వరు. అందుకే వెంకటరత్నం గారు ప్రణీతను పెట్టుకున్నారు.

ప్రణీతది గంపలగూడెం దగ్గర పల్లె. అమ్మా నాన్నా పత్తి చేలల్లో కూలికి వెళ్ళేవాళ్ళు. వాళ్ళింట్లో ఇంజనీరింగు చదివింది ఆ పిల్ల ఒక్కతే. బస్సు దూరంలో ఆ చదువుకు తగిన పని మా షెడ్డు తప్ప ఇంకోటి లేదు. ఆ డ్రైవరు ఆమె మొదటి సొంత పని. దాని మీద తన పేరు రాసుకుంది. రేపు ఇంకో చోట ఉద్యోగం అడిగితే చూపించుకోవడానికి ఉన్నది అదొక్కటే. నేను పోగొట్టబోయింది దాన్నే.

మేం గడి పట్టుకునే పద్ధతి

ఆ చిప్పు జ్ఞాపకాన్ని తెర మీద గళ్ళుగా చూపించే ప్రోగ్రాం ఉంది. వరసకు పదహారు గళ్ళు, పదహారు వరసలు. గడిలో అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసి ఉంటాయి. ఏ గడిలోనైనా మార్పు వస్తే అది ఎర్రగా అవుతుంది. ప్రణీత వాటిని చదివేది. చదివేవాళ్ళకు రెండు వందల యాభై ఆరు గళ్ళు చదవడానికి టైము పడుతుంది, ఈలోగా మారాల్సింది మారిపోతుంది. నాకు చదువు అడ్డం లేదు. ముగ్గు చుక్కల్లో ఒక చుక్క తప్పితే ముగ్గంతా వెతకం కదా, కన్ను దానంతటదే అక్కడికి పోతుంది. నేను అలాగే చూసేదాన్ని. ఫ్యాను రంధ్రానికి అట్టముక్క అడ్డం పెడితే వేడెక్కి ఏదో ఒక గడి కదులుతుంది. మూత మూస్తే ఇంకోటి. ఛార్జర్ పీకితే ఇంకోటి. నేను వేలు పెట్టి చూపేదాన్ని, ప్రణీత రాసుకునేది.

"ఆంటీ, మీ కళ్ళు నాకిచ్చేయండి" అనేది.

"ఇచ్చేసి నేనేం చేయను? నీ కళ్ళజోడు పెట్టుకుని తిరగనా?"

రెడ్డిగూడెం దగ్గర ఆడపిల్లల హాస్టలుకు ముప్పై లాప్‌టాప్‌లు పంపాలి. అక్కడ చదువుకునే గదిలో అన్నీ ఒక బల్ల మీద వరసగా ఛార్జింగులోనే పడి ఉంటాయి. ఎప్పుడూ నిండుగా ఉంటే బ్యాటరీ ఉబ్బుతుంది. అందుకని ఎనభై దగ్గర ఆగేలా చేయమన్నారు. ఆ హద్దు ఏ గడిలో ఉందో పట్టుకోవాలి. సరిగ్గా ఆ రోజు ప్రణీత జ్వరంతో ఇంట్లో పడుకుంది. వెంకటరత్నం గారు తొందరపడుతున్నారు. ఒక మెషీన్‌లో కంపెనీ వాళ్ళ పాత సిస్టం ఉంచాం. అందులో హద్దును అరవై చేసి, మళ్ళీ ఎనభై చేసి చూశాను. ఒకే గడి కదిలింది. ఫోన్ చేశాను.

"దొరికిందమ్మాయ్. పక్కన ఐదు, సున్నా అని రాసున్న వరసలో ఏడోది."

"ఏడు. ఖాయమేనా ఆంటీ?"

"నాలుగుసార్లు చూశాను. ఏడే."

వరసలకు పక్కన అంకెలుంటాయి. గళ్ళకు పైన కూడా ఉంటాయి. కానీ మా బల్ల మీద వాడే తెర పైభాగం మాడి నల్లగా అయిపోయింది. పగిలినవీ మాడినవీ మాకు, బాగున్నవి కొనేవాళ్ళకు. ఆ పై అంకెలు నేను ఎన్నడూ చూడలేదు.

రెండు రోజుల తర్వాత ప్రణీత వచ్చి డ్రైవరులో ఆ గడి పెట్టింది. ఎనభై అని పంపింది, తిరిగి అడిగితే ఎనభై అని వచ్చింది. ఛార్జింగు పెడితే నలభై నుంచి డెబ్భై ఒకటికి ఎక్కింది. అంతలో వ్యాను వచ్చింది. ఎనభై దాటుతుందేమో చూద్దామని ఆ పిల్ల అంది. నేనే, "ఎనభై చూపిస్తోందిగా, ఎక్కించెయ్" అన్నాను. ఎవరినీ నమ్మని నేను అన్నాను ఆ మాట. ఎందుకంటే ఆ గడి నేను చూసింది.

ఉబ్బిన బ్యాటరీ

నెల తిరక్కుండా హాస్టలు వార్డెను సిస్టర్ ఫిలోమినా ఫోన్ చేసింది. ఒక లాప్‌టాప్ బల్ల మీద సమంగా కూర్చోవట్లేదు, టైపు చేస్తుంటే ఊగుతోందని. బ్యాటరీ ఉబ్బిందని ఆ మాటతోనే అర్థమైంది. అన్నిటి ఛార్జర్లూ పీకేయమని చెప్పి బస్సెక్కాను.

దారి పొడుగునా నా అనుమానం వెంకటరత్నం గారి మీదే. మంచి బ్యాటరీలు తీసేసి నాసిరకం పెట్టించాడనుకున్నాను. నేను ప్రతి బ్యాటరీకి లోపలి పక్క గోళ్ళ రంగుతో చుక్క పెడతాను, ఎవరికీ చెప్పను. అక్కడ విప్పి చూస్తే చుక్క ఉంది. బ్యాటరీ నేను పెట్టిందే. ఆయన మీద పడ్డ అనుమానం తీసేశాను, చెప్పుకోవడానికి సిగ్గే గానీ కొంచెం నిరుత్సాహపడ్డాను కూడా.

ఇంకో లాప్‌టాప్ ఆన్ చేశాను. కాసేపటికే అడుగు అట్లపెనంలా కాలుతోంది. ఫ్యాను చప్పుడు లేదు. తెర మీద మాత్రం, హద్దు ఎనభై, అంతా బాగుంది. కింద బ్యాటరీ నూటికి నూరు.

"ఇది అంతా బాగుందంటోంది కదమ్మా?" అంది సిస్టర్.

"అది అంటోంది. నేననట్లేదు."

తిరిగి షెడ్డుకు వచ్చేసరికి వెంకటరత్నం గారు గుమ్మంలో ఉన్నారు. "ఏంటి సలోమమ్మా సంగతి?" అన్నారు. బ్యాటరీలు మనవే, ఫ్యాను తిరగట్లేదు, ప్రోగ్రాం తప్పు చెబుతోంది, రాసినవాళ్ళనే అడగాలి అన్నాను. చూడకముందే అన్నాను. అనుమానం మనసులో ఉన్నంతసేపే పనిముట్టు, నోటికొస్తే చాడీ అవుతుందని అప్పుడు తెలియలేదు.

ఆయన లోపలికి వెళ్ళి, "అమ్మాయ్, సోమవారం నుంచి రానక్కర్లేదు. ఆ హాస్టలు వాళ్ళకు నీ పేరే చెబుతాను" అన్నారు.

ప్రణీత ఏడవలేదు. సంచీ సర్దుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"నా తప్పేదో చూసుకునే వెళ్తానాంటీ. మీరు చెప్పిన గడే రాశాను. ఐదు, సున్నా వరసలో ఏడు."

"ఏడే. రా, చూపిస్తాను."

గళ్ళు తెరిచింది. నేను వేలితో లెక్కపెట్టి ఏడో దాని మీద పెట్టాను. ఆమె నా వేలు చూసింది.

"ఇది ఆరు ఆంటీ."

"కళ్ళజోడు తుడుచుకో. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు."

"సున్నా, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు."

"సున్నా ఎక్కడిదే? సున్నా అంటే ఏమీ లేదని కదా. లేనిదాన్ని ఎవరైనా లెక్కపెడతారా?"

"మేం పెడతాం ఆంటీ."

మాడిన తెర మీద నాకు కనబడని ఆ పై అంకెలు సున్నాతోనే మొదలవుతాయట. నాకు ఏడోది వాళ్ళకు ఆరు. వాళ్ళకు ఏడు అంటే నాకు ఎనిమిదోది. ఆమె రాసింది పక్క గడిలో. ఆ పక్క గడి ఏంటో అప్పుడే పట్టుకున్నాం. ఫ్యాను ఎంత వేడికి తిరగడం మొదలుపెట్టాలో చెప్పే గడి అది. దాంట్లో యాభై ఉండాలి. మేం ఎనభై పెట్టాం. ఎనభై డిగ్రీలు వచ్చేదాకా ఫ్యాను తిరగదు. ఛార్జింగు హద్దును ఎవరూ ముట్టుకోలేదు, నూరు దాకా ఎక్కుతూనే ఉంది. డ్రైవరు తాను రాసిన గడినే తిరిగి చదివి ఎనభై అని చెబుతోంది. అటెండరు అబద్ధమాడలేదు. వేరే గదిలో ఉన్న సారును అడిగొచ్చాడు.

అందరినీ అనుమానించాను. నా వేలు ఒక్కదాన్నే వదిలేశాను.

వెంకటరత్నం గారి లెక్క

వెంటనే ఆయన దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. తప్పు లెక్క నాది, ఆ పిల్లది కాదు అన్నాను. ఆయన కోప్పడలేదు, దానికే నాకు భయమేసింది. తలుపు దగ్గరగా వేయమన్నారు.

"సలోమమ్మా, ఈ మాట ఇక్కడే వదిలెయ్. ఇంజనీరు తప్పు చేసింది, తీసేశాం అంటే జనం ఒప్పుకుంటారు. చదువురాని మనిషి చేత లెక్కపెట్టించాం అంటే మన దగ్గర ఎవరైనా కొంటారా?"

"ఇన్నాళ్ళూ నా చేతే కదండీ లెక్కపెట్టించారు?"

"పెట్టించాను. బయటికి చెప్పానా?"

ఆయన మాటలో అబద్ధం లేదు. ఎవరికీ ఎన్నడూ చెప్పలేదు. బోర్డు మీద నిపుణులైన ఇంజనీర్లు అని రాయించారు, నేను వెనక గదిలో ఉన్నాను. నాకు అది తెలియక కాదు, గొడవెందుకని ఊరుకున్నాను. ఈ పనిలోకి వచ్చే ఆడపిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి. మన పని దాచిపెట్టే యజమాని, తప్పు వచ్చినప్పుడు మనల్ని కాపాడుతున్నట్టే మాట్లాడతాడు. ఆ కాపుదల ఇంకొకరి మెడ మీద నిలబడి ఉంటుంది.

"రేపు నేనే వెళ్ళి సిస్టర్‌కు చెబుతాను" అన్నాను.

"చెబితే నిన్నూ ఉంచలేను."

"సరేనండి" అని వచ్చేశాను. ధైర్యంతో కాదు. ఇంకాసేపు నిలబడితే ఆయన మాటకు ఒప్పేసుకుంటానని భయం.

సిస్టర్ ఫిలోమినా

ఆదివారం గుడి నుంచి రాగానే ప్రణీతను పిలిపించుకుని ఇద్దరం రెడ్డిగూడెం వెళ్ళాం. ఆ పిల్ల సరిదిద్దిన డ్రైవరును పెన్‌డ్రైవులో తెచ్చింది. దారంతా ఒక్కటే మాట, "ఆంటీ, డ్రైవరు మీద నా పేరు తీసేస్తే చాలు, మీరు ఉద్యోగం పోగొట్టుకోవద్దు" అని. ఊరుకోమన్నాను.

సిస్టర్ కుర్చీలు వేయించలేదు. వరండాలోనే నిలబెట్టి విన్నది. ఏడో గడి, ఆరో గడి, సున్నా, అంతా చెప్పాను. చివరిదాకా మొహంలో ఏ మార్పూ లేదు.

"అంటే మీరు లెక్కపెట్టారు, ఈ అమ్మాయి రాసింది. ఎదురెదురుగా కూర్చుని చూసుకోలేదు."

"లేదండి."

"మీ యజమాని నిన్న నాకు ఫోన్ చేశాడు. తప్పు ఈ పిల్లదని, తీసేశామని, కొత్త మనిషిని పంపుతానని చెప్పాడు. ఇవాళ మీరొచ్చి తప్పు నాదంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?"

"ఎవరిదీ నమ్మకండి సిస్టర్. చూపిస్తాను, చూడండి."

ప్రణీత ఒక లాప్‌టాప్‌లో కొత్తది ఎక్కించింది. చదువుకునే గదిలో పిల్లలతో పాటు అందరం దాని చుట్టూ కూర్చున్నాం. ఛార్జరు పెట్టాం, బ్యాటరీ డెబ్భై ఆరు దగ్గర ఉంది. ఫ్యాను తిరగడం వినబడింది. డెబ్భై ఏడు, డెబ్భై ఎనిమిది. పిల్లలు భోజనాలకు వెళ్ళి వచ్చారు. ఎనభై అయింది, ఛార్జింగు ఆగింది. నేను లేవబోయాను. సిస్టర్ మాత్రం లేవలేదు. ఇంకో గంట అలాగే ఉంచమంది. గంట తర్వాత కూడా ఎనభై.

"ఒక్కటి ఆగితే ముప్పై ఆగినట్టు కాదు" అంది.

"కాదండి" అన్నాను. ఆ మాట వినడం నాకు చెప్పలేనంత హాయిగా ఉంది. ఇన్నేళ్ళలో మా షెడ్డు నుంచి సరుకు తీసుకున్నవాళ్ళలో ఇలా మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

లోపలికి వెళ్ళి తెల్ల కాగితం తెచ్చి రాయడం మొదలుపెట్టింది. పూర్తయ్యాక నా చేతికిచ్చింది. మీరే చదివి వినిపించండి అన్నాను. చదివింది. విన్నది చాలక, కాగితం తీసుకుని ప్రతి మాటా కూడబలుక్కుని నేను కూడా చదివాను. ఆమె కోపగించుకోలేదు, ఓపిగ్గా నిలబడింది. అందులో ఇలా ఉంది. గళ్ళు లెక్కపెట్టిన సలోమమ్మ గారూ, డ్రైవరు రాసిన ప్రణీతా ఇద్దరూ కలిసి ముప్పై మెషీన్లనూ ఒకరి ఎదుట ఒకరు సరిచేసి, నా కళ్ళ ముందు ఒక్కొక్కటీ చూపించాలి. ఈ ఇద్దరు కాక వేరే ఎవరు వచ్చినా గేటు తీయము. మెషీన్లన్నీ తిరిగి పంపేస్తాము.

"మీ మీద జాలితో రాయలేదు" అంది కాగితం మడిచి ఇస్తూ. "తప్పు ఎక్కడ జరిగిందో తెలిసినవాళ్ళు మీరిద్దరే. కొత్త మనిషికి అదీ తెలియదు."

బస్సులో ప్రణీత, "ఆంటీ, ఆవిడ మనల్ని కొంచెం కూడా నమ్మలేదు" అంది.

"అందుకే బతికిపోయావు" అన్నాను.

సోమవారం ఆ కాగితం వెంకటరత్నం గారి బల్ల మీద పెట్టాను. ఒకసారి చదివారు. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చదివారు.

"ఆ అమ్మాయి వచ్చిందా?"

"బయట మెట్టు మీద కూర్చుందండి."

"మెట్టు మీదెందుకు? లోపలికి రమ్మను. ముప్పై మెషీన్లున్నాయి అక్కడ."